ఎడమ మర

దర్శి నుంచి సత్తెనపల్లికి మిర్చి బస్తాలు తెచ్చే మినీ వ్యానులో, బస్తాల మీద పడుకోబెట్టి, అన్నయ్య సైకిల్‌ని మా ఇంటికి చేర్చారు. తాడు విప్పుతూ డ్రైవర్ నవ్వాడు. "ఇదేం సైకిలు సార్, పొట్టేలు కొమ్ములున్నాయి దీనికి?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ముప్పై ఏళ్ళ కిందట మా ఊళ్ళోనూ దాన్ని పొట్టేలు సైకిలనే అనేవాళ్ళు. కిందికి దించుతుంటే వెనక చక్రం కొంచెం తిరిగి, అంత తుప్పులోనూ ఫ్రీవీల్ టిక్కుటిక్కుమంది. ఆ చప్పుడు వినగానే నేను పక్కకి తప్పుకున్నాను.

అది రేసు సైకిలు. సన్నటి ఉక్కు ఫ్రేము, పది గేర్లు, కిందికి వంగి మళ్ళీ వెనక్కి తిరిగిన హ్యాండిలు. గుంటూరులో ఒక రైల్వే ఉద్యోగి దగ్గర అన్నయ్య దాన్ని పాతదే కొన్నాడు. చీమకుర్తి వైపు ఒక హైస్కూల్లో అన్నయ్య డ్రిల్లు మాస్టారు. దర్శి పక్కనున్న మా ఊరి నుంచి రోజూ దాని మీదే వెళ్ళొచ్చేవాడు. ఒక సోమవారం పొద్దున అదే దారిలో గ్రానైట్ బండల లారీ వెనక చక్రం కింద పడి చనిపోయాడు. అన్నయ్యకి ఇరవై ఏడేళ్ళు. పెళ్ళయి ఏడు నెలలు. నాకు పదిహేను.

వదిన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. నర్సు ట్రైనింగు అయ్యి, దర్శిలో స్థిరపడి, చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది. సైకిలు ఆమె ఇంటి వసారాలో గోనెపట్టాల కింద ఉండేది. ఈ ఏడాది ఒకరోజు ఫోన్ చేసి, కుశల ప్రశ్నలైనా లేకుండా మొదలుపెట్టింది.

"ఏమయ్యా, నాకు షుగరొచ్చింది. డాక్టరు సైకిలు తొక్కమంటన్నాడు. ఇంట్లో ఒకటుండగా కొత్తది కొనడం ఎందుకు? దాన్ని ఓవరాయిలింగ్ చేసి పెట్టు."

"ఆ సైకిలా వదినా?"

"ఆ సైకిలే. ఏం, నాకు తొక్కడం రాదనుకున్నావా? మీ అన్నయ్యే నేర్పాడు దాని మీద. అత్తయ్య నిద్ర లేవకముందే డొంకదారిలోకి తీసుకెళ్ళేవాడు."

కాదనడానికి నా దగ్గర సాకు లేదు. నేను మిర్చి ఏసీలో సూపర్‌వైజర్ని. కోల్డ్ స్టోరేజీని మా వైపు ఏసీ అనే అంటారు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక పాత సైకిళ్ళు విప్పి బాగుచేయడం నా పిచ్చి. అప్పటికి పదకొండు చేశాను. చుట్టాలందరికీ ఆ సంగతి తెలుసు. ఈ పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం మా ఆవిడకి కూడా తెలియదు.

చెప్పవలసింది ఇక్కడే చెప్పేస్తాను. అన్నయ్యని నేను చంపానని ముప్పై ఏళ్ళుగా అనుకుంటున్నాను.

పత్తి తీతలు సాగుతున్న రోజులవి. ఇంట్లో ముందు గది నిండా పత్తి కుప్పే. జిల్లా పోటీల కోసం అన్నయ్య తేలికపాటి కొత్త పెడళ్ళ జత తెచ్చాడు. "ఆదివారం నేనే బిగిస్తాలే, నువ్వు ముట్టుకోబాకు" అన్నాడు. ముట్టుకోవద్దంటే ముట్టుకునే వయసు నాది. శనివారం అన్నయ్య పొలం వెళ్ళగానే స్పానరు పట్టుకుని కూర్చున్నాను. కుడి పెడల్ ఇట్టే వచ్చింది, ఇట్టే బిగిసింది. నా అంత మెకానిక్కు జిల్లాలో లేడనిపించింది. పాత ఎడమ పెడల్ ఎటు తిరిగి ఊడిందో గమనించేంత ఓపిక కూడా లేకపోయింది. కొత్తదాన్ని, కుడిది ఎటు తిప్పితే బిగిసిందో అటే తిప్పాను.

సైకిల్ ఎడమ పెడల్‌కి మర ఎదురు తిరిగి ఉంటుంది. తొక్కే కొద్దీ ఊడిపోకుండా అలా పెడతారు. సైకిల్ షాపు అరుగు మీద రెండు రోజులు కూర్చున్నవాడికైనా తెలిసే సంగతి అది. నాకు తెలియదు. ఎక్కకపోతే బలంగా నొక్కాను, సుత్తి పెట్టి కొట్టాను. ఎదురు తిప్పాలని తట్టేసరికి, పెడల్‌ని మోసే ఇనుప కాడ ఉంటుందే క్రాంకు, దానిలో మర సగం దెబ్బతింది. పెడల్ లోపలికి వెళ్ళింది గానీ కదులుతోంది.

బావి దగ్గర ఆయిల్ ఇంజను పైపు కారినప్పుడల్లా నాన్న ఏం చేసేవాడో నాకు గుర్తొచ్చింది. గుప్పెడు పత్తి తీసి, గింజలు ఏరేసి, నూనెలో తడిపి మరకి చుట్టి పైపు బిగించేవాడు. ఆ తర్వాత చుక్క కారేది కాదు. మా ఇళ్ళల్లో పత్తి అన్నింటికీ మందే. గాయానికి పత్తి, చెవిపోటుకి పత్తి, దీపానికి పత్తి. నేనూ ముందు గదిలోంచి ఇంత పత్తి తీసి, గ్రీజు పూసి, పెడల్ మరకి చుట్టి గట్టిగా బిగించాను. ఊపి చూస్తే కదల్లేదు. బయటికి కనిపించిన పోగుల్ని కత్తెరతో కత్తిరించాను. అన్నయ్య అడగలేదు, నేను చెప్పలేదు. ఆదివారం చర్చి అయ్యాక బంతాటకి పోయి చీకటి పడ్డాక వచ్చాను.

సోమవారం పొద్దున వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ చూస్తున్నాను. అన్నయ్య ఎడమ కాలు పెడల్ మీద వేసి, రెండో కాలితో నేలని రెండుసార్లు తన్ని, ఎక్కాడు. ఎక్కేటప్పుడు మనిషి బరువంతా పడేది ఆ ఎడమ పెడల్ మీదే. అది ఊడలేదు. హమ్మయ్య అనుకున్నాను.

మధ్యాహ్నం నాన్నతో పాటు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. లారీ డ్రైవర్ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. నాన్నని చూడగానే లేచి చేతులు జోడించాడు. "నేను గుద్దలేదు బాబూ. ఆయనంతట ఆయనే కాలు జారినట్టు తూలి పడ్డాడు. నా బిడ్డల మీద ఒట్టు" అన్నాడు. మావాళ్ళు అతని మీదికి వెళ్ళారు. లారీవాళ్ళంతా ఇట్టాగే చెప్తారన్నారు. ఆ మాట నమ్మింది నేనొక్కడినే. కాలు జారినట్టు, అన్నాడు అతను. నోరు తెరిచి పత్తి సంగతి చెప్పాల్సింది. చెప్పలేదు. తర్వాత అతనికి శిక్ష పడిందన్నారు. ఎన్నాళ్ళో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పెడల్ ఊడిపోలేదు, సైకిల్‌కే ఉంది. ముందు చక్రం మాత్రం వంగింది. కానీ పెడల్ ఊడక్కర్లేదు. మర వదులై ఒక్కసారి ఒరిగినా కాలు జారుతుంది. స్టేషన్ నుంచి సైకిల్ ఇంటికి వచ్చిన రోజు ఆ పెడల్‌ని పట్టుకుని ఊపి చూస్తే తెలిసిపోయేది. ఆ ఒక్క పని నేను చేయలేదు. తర్వాత తుప్పు పట్టి బిగిసిపోయింది. ఇక విప్పి చూస్తే తప్ప తెలియదు.

ఆ తర్వాత ఎక్కడ సైకిల్ కనిపించినా ఎడమ పెడల్‌ని కాలితో ఊపి చూడడం నాకు అలవాటైంది. చర్చి బయట, ఏసీ గేటు దగ్గర, ఆసుపత్రి ముందు. ఒకసారి ఒక వాచ్‌మన్ నన్ను సైకిళ్ళ దొంగనుకుని కాలరు పట్టుకున్నాడు. ఇంకోటి కూడా ఉంది, ఇది చెబితే పిచ్చివాడంటారు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, మిర్చి కల్లాల మధ్య దారిలో ఒక్కడినే నడుస్తున్నప్పుడు వెనక నుంచి ఫ్రీవీల్ చప్పుడు వినిపిస్తుంది. తొక్కడం ఆపి, వాలులో సైకిల్‌ని దానంతట దాన్ని పోనిస్తే వచ్చే చప్పుడు. అన్నయ్య నన్ను దాటబోయే ముందు అలాగే తొక్కడం ఆపేవాడు, వీపు మీద ఒకటి చరచడానికి. నేను పక్కకి తప్పుకుంటాను. ఎవరూ దాటరు. వెనక్కి చూస్తే కల్లంలో ఎర్రగా మిరపకాయలు తప్ప ఏమీ ఉండవు. భయమేస్తుంది. అయినా ఆ దారి మానలేదు.

సైకిల్‌ని విప్పడం మొదలుపెట్టాను. గేర్లు, గొలుసు, బ్రేకులు ఒక్కొక్కటే తీసి కిరసనాయిల్లో వేశాను. ఫ్రేము గీకితే తుప్పు కింద ఉక్కు గట్టిగానే ఉంది. పాత ఇనుప రిమ్ముల చోట అల్యూమినియం రిమ్ములు తెప్పించి, పుల్లలు అల్లి, బెండు తీశాను. బ్రేకులు కొత్తరకంవి వేశాను, పాతవి వానలో పట్టేవి కావు. దర్శి ఎత్తుపల్లాలకి వదిన మోకాళ్ళు తట్టుకోవాలని వెనక పెద్ద పళ్ళచక్రం పెట్టాను. రోజూ సాయంత్రం ఫోన్‌లో వదినతో తగువే.

"ఆ కొమ్ములు తీసెయ్యి. నేను నడుం వంచలేను."

"వదినా, అది రేసు సైకిలు. కొమ్ములు తీస్తే దాని మొహం పోతుంది."

"నేను తొక్కేది దాని మొహంతో కాదుగా. మామూలు హ్యాండిలు వెయ్యి. సీటు కూడా వెడల్పుది వెయ్యి."

"వెడల్పు సీటు వేస్తే గుర్రం మీద మంచం వేసినట్టుంటుంది."

"గుర్రం నువ్వుంచుకో. నాకు మంచం చాలు."

కొమ్ములు తీశాను, మంచం వేశాను. అన్నీ అయ్యాయి. ఎడమ క్రాంకు, దానికి బిగిసిపోయిన పెడల్ మిగిలాయి. ప్రతి ఆదివారం ఇంకేదో పని కల్పించుకుని దాన్ని వాయిదా వేశాను. తుడిచిన హబ్బునే మళ్ళీ తుడిచాను. ఆ వారాల్లో నాకు అన్నం సయించలేదు. పిల్లల మీద అయినదానికీ కానిదానికీ అరిచాను.

బజార్లో నాకు తెలిసిన ముసలి మెకానిక్ ఒకాయన ఉన్నాడు. అడిగితే తేలిగ్గా తేల్చేశాడు. "దాన్ని విప్పడం ఎందుకు సార్ తలనొప్పి? క్రాంకుని ఇరుసుకి పట్టి ఉంచే కాటర్ పిన్ను కొట్టి, క్రాంకుతో సహా తీసి పాత ఇనుంలో పారేయండి. కొత్త సెట్టు వేసుకుంటే తేలిక, గట్టి కూడా."

మాట న్యాయమైనదే. ఎవరైనా అదే చేస్తారు. కొత్త సెట్టు అప్పటికే మా ఇంట్లో అట్టపెట్టెలో ఉంది. పాతది పారేస్తే లోపల ఏముందో ఇక ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. ఆ ఆలోచన నాకెంత హాయిగా అనిపించిందో చెప్పడానికి సిగ్గేస్తోంది. ఇంటికొచ్చి పిన్ను కొట్టాను. క్రాంకుని సంచిలో వేసుకుని పాత ఇనుప సామాను కొట్టుకి నడిచాను. కొట్టువాడు దాన్ని కాటాలో వేశాడు. కాటా ముల్లు ఊగుతూ ఉంది. అది నిలబడేలోపే నేను చెయ్యి పెట్టి క్రాంకుని వెనక్కి తీసుకున్నాను. "ఏంది సార్, మనసు మారిందా?" అన్నాడు. అవునన్నాను.

నాలుగు రోజులు కిరసనాయిల్లో నానబెట్టాను. ఆదివారం మధ్యాహ్నం వసారాలో బెంచీ వైసుకి బిగించి, వెనకవైపు తుప్పుని వైరు బ్రష్షుతో రుద్దాను. పెడల్ ఇరుసు కొస చుట్టూ మూడు చుక్కలు బయటపడ్డాయి. మర తిరగకుండా పట్టేయడానికి సెంటర్ పంచ్ పెట్టి కొడతారే, ఆ గుర్తులు. మూడూ సమానమైన ఎడంలో, తీరుగా ఉన్నాయి. నేను కొట్టలేదు. ఆ వయసులో పంచ్ అనే పనిముట్టు పేరే నాకు తెలియదు.

బ్లో ల్యాంపుతో వేడి చేసి, స్పానర్‌కి గజం పొడుగు పైపు తొడిగి, నా బరువంతా వేస్తే కిర్రుమని కదిలింది. బయటికి వచ్చిన మర మీద పత్తి లేదు. ఒక్క పోగు కూడా లేదు. దానికి బదులు సన్నగా కత్తిరించిన ఇత్తడి రేకు మర పొడుగునా చుట్టి ఉంది. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా వేలితో రుద్దితే పసుపుపచ్చగా మెరిసింది. అది కదిలే పెడల్ కాదు. లారీ ఎక్కినా అక్కడి నుంచి కదలదు.

రేకుని జాగ్రత్తగా ఊడదీసి జేబులో వేసుకున్నాను. సంతోషం రాలేదు. నా పత్తిని ఎవరో తీసేశారు. తీసినవాళ్ళకి అది పెట్టిందెవరో తెలిసే ఉంటుంది.

మర్నాడు ఏసీకి సెలవు పెట్టాను. కొత్త క్రాంకు బిగించిన సైకిల్‌ని అదే మినీ వ్యానులో వేసుకుని దర్శి వెళ్ళాను. వదిన గేటు దగ్గరే ఎదురొచ్చి, సైకిల్ చుట్టూ తిరిగి బెల్లు కొట్టి మురిసిపోయింది. నేను మంచినీళ్ళు కూడా తాగకుండా శనివారం నాటి సంగతంతా చెప్పేశాను. చెబుతున్నంతసేపూ ఆమె మొహంలోకి చూడలేదు. ఇత్తడి రేకు తీసి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె దాన్ని వేళ్ళతో తడిమింది. "నాకు తెలుసయ్యా" అంది.

"ఏం తెలుసు?"

"ఆదివారం నువ్వు బంతాటకి పోయాక మీ అన్నయ్య సైకిల్ తిరగేసి చూశాడు. మరలోంచి పత్తి లాగి నా చేతిలో పెట్టి ఒకటే నవ్వు. నీ మరిది దీన్ని ఇంజను పైపు అనుకున్నాడే అని. తర్వాత ఈ రేకు చుట్టాడు, పంచ్ కొట్టాడు. సైకిలు ముక్కలైనా ఇది ఊడదన్నాడు."

"మరి నాతో ఒక్క మాట అనలేదేం?"

"వాడికి చెప్పబాకు, సిగ్గుపడతాడు అన్నాడు. క్రిస్మస్ సెలవుల్లో నేనే కూర్చోబెట్టి పని నేర్పుతాలే అన్నాడు."

"ఆయన చెప్పబాకన్నాడు సరే. నువ్వెందుకు చెప్పలేదు? ముప్పై ఏళ్ళు!" వీధి వీధంతా వినపడేలా అరిచాను. ఎదురింటివాళ్ళు బయటికి వచ్చి చూశారు.

వదిన అరవలేదు. "ఏడు నెలల కాపరం నాది. ఆయన నాతో అన్న మాటలు ఎన్ని మిగిలినయ్యి చెప్పు? అందులో ఇదొకటి. చెప్పబాకు అన్నాడు, చెప్పలేదు. నువ్వు దీన్ని మోస్తన్నావని నాకేం తెలుసు? నువ్వూ ఏనాడూ అడగలేదుగా."

కోపం ముందు వదిన మీద వచ్చింది, తర్వాత అన్నయ్య మీదికి మళ్ళింది. ఆ ఆదివారం సాయంత్రం నన్ను పిలిచి చెంప మీద ఒకటిచ్చి, "ఒరేయ్ వెధవా, ఎడమ మర ఎదురు తిరుగుతుందిరా" అని ఉంటే సరిపోయేది. ఇంత ప్రేమ చూపించమని ఎవరడిగారు? నా సిగ్గు కాపాడబోయి నా జీవితమంతా తినేశాడు.

"మరి ఎట్టా పడ్డాడు వదినా?" అన్నాను.

"ఏమో. ఆ రోడ్డు నిండా రాళ్ళపొడే. జారాడేమో. కుక్క అడ్డం వచ్చిందేమో. ఆ డ్రైవర్ గుద్దే ఉంటాడేమో. నాకూ తెలియదు. నన్ను నేనే అడిగి అడిగి మానేశా." చీరకొంగు నడుముకి బిగించింది. "అట్టా పట్టుకో. ఎక్కి చూస్తా."

ఎడమ కాలు పెడల్ మీద వేసింది. నేను సీటు పట్టుకున్నాను. నాలుగడుగులు పోయాక "వదిలెయ్యి" అంది. వదిలాను. కొంచెం ఊగి, సర్దుకుని, వీధి చివరి దాకా వెళ్ళి మలుపు తిరిగి కనిపించకుండా పోయింది.

ఖాళీ వీధిలో నిలబడి నేను గట్టిగా ఏడ్చాను. ముప్పై ఏళ్ళలో చాలాసార్లు ఏడ్చాను, అదంతా నా కోసమే, నా తప్పు కోసమే. అన్నయ్య కోసం ఏడవడం అదే మొదలు. హబ్బు గుండ్లు ఎన్ని వెయ్యాలో, బెండు ఎలా తీయాలో, ఏ మర ఎటు తిరుగుతుందో పన్నెండు సైకిళ్ళ మీద చేతులు కోసుకుంటూ నా అంతట నేనే నేర్చుకున్నాను. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతానన్న మనిషి నాకు ఒకడుండేవాడు.